నీలం డ్రమ్ము

కూరగాయల మార్కెట్ వెనక చెత్తతో గ్యాస్ తయారయ్యే ట్యాంకు చూసుకునే ఆవిడని అందరూ ట్యాంకమ్మ అనేవారు. పక్కనున్న క్యాంటీన్‌లో పొయ్యి వెలిగేది ఆ గ్యాస్‌తోనే. ఆవిడ మొగుడు మార్కెట్ చెత్త వ్యాను డ్రైవరు. మంచివాడే, కాకపోతే ఒట్టి తొందర మనిషి.

ట్యాంకులోని సూక్ష్మజీవులు ఆవిడ నాన్న పెంచినవి. ఆయన పోయి, ఆయన నడిపిన పేడ గ్యాస్ ప్లాంటు మూసేస్తుంటే అవి ఉన్న బురద రెండు డ్రమ్ములు తెచ్చుకుంది. ఒకటి ట్యాంకులో పోసింది, రెండోది పెరట్లో దాచింది. పేడ తప్ప మరోటి ఎరగని వాటికి ముందు క్యాబేజీ ఆకులు, తర్వాత టమాటాలు, గుప్పెడు గుప్పెడు పెంచుతూ అలవాటు చేసింది. చంటిపిల్లకి అన్నం అలవాటు చేసినట్టే. నాలుగు నెలలు పట్టింది.

అక్కకి ఆపరేషన్ అని పది రోజులు ఊరెళ్తూ చెప్పింది.

"ట్యాంకులో రోజుకి నాలుగు బకెట్లే వెయ్యి బావా. పెరట్లో నీలం డ్రమ్ముంది చూడు, అందులో కూడా కాసిని తొక్కలు వేస్తుండు. వింటున్నావా?"

"ఊఁ, ఊఁ" అన్నాడు ఫోన్ చూసుకుంటూ.

ఐదోరోజు మార్కెట్లో వ్యానెడు టమాటాలు కుళ్ళిపోయాయి. ఆవిడొచ్చేసరికి గ్యాస్ రెట్టింపు చేసి చూపిద్దామని మొత్తం గుమ్మరించాడు మహానుభావుడు! మర్నాడు మంట భగ్గుమంది. "ట్యాంకమ్మ కన్నా ట్యాంకయ్యే నయం" అని క్యాంటీన్ వంటాయన మెచ్చుకుంటే ఇక పట్టపగ్గాల్లేవు. అదే ఊపులో ఇల్లూ పెరడూ కడిగి పారేశాడు. మూడోనాటికి మంట నీరసించింది. ఆవిడ వచ్చేనాటికి అగ్గిపుల్ల గీస్తే పుల్లే కాలింది.

ఆవిడ ట్యాంకులో కాగితం ముంచి రంగు చూసింది.

"పులిసిపోయింది బావా. ఒక్కసారే అంత పెడితే కొన్ని ఎగబడి తిని పులుపు కక్కుతాయి. దాన్ని గ్యాస్‌గా మార్చేవి నిదానస్తులు. పాపం, తట్టుకోలేక చచ్చిపోయాయి."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడే అతని భుజం తట్టింది.

"బెంగ పడకు. నాన్నవి నీలం డ్రమ్ములో ఉన్నాయిగా. మళ్ళీ మొదలెడదాం."

ఆ వేళ ఫోన్ పక్కన పడేసి ఒక్క మాట విని ఉంటే! చెబుదామనుకునేలోపే ఆవిడ పెరట్లోకి నడిచింది.

నీలం డ్రమ్ము గోడవారన బోర్లించి ఉంది. సబ్బు వాసన ఇంకా పోలేదు.

"కంపు కొడుతోందని... నువ్వొచ్చాక నీళ్ళు పట్టుకుంటావని..." అన్నాడు.

ఆవిడ దాని పక్కనే కూలబడి, చేత్తో మెల్లగా తడిమింది.

"ఎంత శుభ్రంగా కడిగావు బావా" అంది.