రక్తం ఎంతుంది?

స్కూటీకి స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి, బుచ్చయ్యపేటలోని పుట్టింట్లోకి దూసుకొచ్చింది రాజశ్రీ. కోపంతో ఒళ్లు తెలియడం లేదు. అనకాపల్లిలో పదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్. ఊరందరి రక్తమూ చూసిపెట్టే తనకి, సొంత తండ్రి విషయంలోనే ఇలా జరగాలా?

ఎనిమిది రోజులుగా జ్వరంతో ఉన్న తండ్రి త్రినాధరావు చెరకు నరికి అప్పుడే వచ్చి మంచం మీద వాలాడు. కాలికి చెరకు మోడు గుచ్చుకున్నచోట పుండు నల్లగా ఉబ్బింది. పక్కన పళ్లెంలో బెల్లం, నువ్వులు, బీట్‌రూట్ ముక్కలు.

"ఈ జొరంతో తోటలోకి ఎవలు పంపేరమ్మా?" అని తల్లి మీద విరుచుకుపడింది.

నూకరత్నమూ తగ్గలేదు. రక్తం బాగుందని తెలిశాకే పంపానంది. ఒంట్లో రక్తం నిండుగా ఉన్న మనిషిని జ్వరం ఏం చేస్తుందంది. కూలీలు దొరకని కోతల రోజుల్లో ఇంట్లో ఎలా కూర్చోబెట్టనంది.

రాజశ్రీ రిపోర్టు తీసి మంచం మీద కొట్టింది. "ఎర్ర కణాలు బాగున్నాయి. అయి ఒంటికి ఊపిరి మోసే బళ్లు. రోగం వత్తే అడ్డం పడేవి తెల్ల కణాలు. నాలుగేలుకి తగ్గకూడదు, నాన్నకి తొమ్మిదొందలున్నాయి. పందుల్ని తోలే కాపలోడు లేపోతే, తోటకి బళ్లుండి ఏటి లాభం? నీ బెల్లానికి తెల్లయి పుట్టవమ్మా."

పళ్లాన్ని కాలితో తోసేసింది. తల్లి మూర్ఖత్వం చూస్తే అసహ్యం వేసింది.

నూకరత్నం వంగి బెల్లం ముక్కలు ఏరుకుంటూ, తలెత్తకుండానే అంది. "సోమారం పోన్ సేసి, నాన్నకి రగతం ఎంతుందే అనడిగేను. పదమూడు, బాగుంది అన్నావు. ఇంకోటేదీ సెప్పలేదు గదే."

నిజమే. అడిగిన ప్రతివాళ్లకీ పదేళ్లుగా ఆ ఒక్క హిమోగ్లోబిన్ అంకే చెబుతోంది. సోమవారం కూడా ఆ ఒక్క వరసే చూసి, కాగితాన్ని కట్టలో పెట్టేసింది. మిగతావి చూసింది ఈ ఉదయమే. మధ్యలో మూడు రోజులు పోయాయి. తనని తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

పెద్దాసుపత్రికి ఆటోలో బయలుదేరారు. భుజం మీద తండ్రి తల కాలిపోతోంది. దారిలో ఫోన్ మోగింది. కోడలికి ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించి వెళ్లిన బేబి అనే ఆవిడ, ఆ పిల్లకి రక్తం ఎంతుందో చెప్పమంది.

"సెప్పను," అంది రాజశ్రీ. "కాయితం తెచ్చుకోండి. అన్నీ సదివి సెప్తాను."