మొదటి నీళ్లు

దర్జీపని చేసే ఆమె పొద్దున్నే లేచి చేసే మొదటి పని, డాబా మీది కుండీలు అయిదింటినీ గోడ నీడలోకి జరపడం. ఎండ నెత్తికెక్కాక పాత చీరతో కట్టిన పందిరి కిందికి. ఒకటి పెద్ద కలబంద, నాలుగు దళసరి ఆకుల పిల్లమొక్కలు. ఎండలు ముదిరాక మొక్కలు తెచ్చుకోవడం బుద్ధి ఉన్నవాళ్లు చేసే పని కాదు. కానీ, ఇంట్లో తనమీద అరవనివి నాలుగు ఉండాలని ఎవరికి మాత్రం ఉండదు?

"కుండీ మార్చాక పది రోజులు పస్తు ఉంచు తల్లీ," అని నర్సరీ తాత చెప్పాడు. "తెగిన వేళ్లు ఆరాలి. జాలిపడి నీళ్లు పోశావో, కుళ్లిపోతాయి."

పైగా ఆ వీధిలో, మొక్కకి మొదటి నీళ్లు పోసిన చెయ్యి ఇక ఆ మొక్కదే. మొక్క వాడితే చెయ్యీ వాడుతుంది. వెనకటికి పోస్టుమాన్ ముళ్లమొక్కకి నీళ్లు పోశాడు. మంచి మనిషే గానీ, ఉత్తరాలు చిల్లులు పడి వచ్చేవి. సరే, ఆ సంగతి అలా ఉంచుదాం.

ఆమె మొగుడు లారీ మెకానిక్. అతని కుడిచేతికి వచ్చినవి రెండే పనులు: నట్లు బిగించడం, పెళ్లాన్ని కొట్టడం. ఆమె ఎడమ చెవి వినపడకపోవడం ఆ చేతి చలవే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, కూర చల్లారిందని మొదలైంది. జుట్టు పట్టుకుని డాబా మెట్లమీదుగా పైకి ఈడ్చాడు. ఆమె మోకాళ్లు చెక్కుకుపోయాయి.

"మొగుడికి చల్లారిన కూడు, వీటికి పందిళ్లూనా?"

"కొట్టుకుంటే నన్ను కొట్టు. వాటికి నీళ్లు మాత్రం పొయ్యకు. ఇంకా రెండు రోజులు..."

"పొయ్యొద్దని నాకు చెప్తావే!"

ఆమె తల గోడకేసి కొట్టి, బకెట్ ఎత్తి కలబంద మీద కుమ్మరించాడు. మిగతా నాలుగింటినీ ఆమె పొట్ట కింద దాచుకుంది. బకెట్ పగిలేదాకా వీపు మీద బాదాడు. వాటికి మాత్రం తడి తగల్లేదు.

మూడోనాటికి కలబంద మొదలు మెత్తబడింది. అతని వేళ్లు ఉబ్బాయి. అయిదోనాటికి మణికట్టు దాటి గోధుమరంగు, వాసన. డాక్టరు చెయ్యి చూసి, "కుండీ ఎక్కడుంది?" అని అడిగి ఇంటికి పంపేశాడు.

నర్సరీ తాత మొక్క పెరికి చూశాడు. "వదిలేస్తే రేపటికి కుళ్లు గుండెదాకా పాకుతుంది, మనిషి దక్కడు. దక్కాలంటే, తెల్లని కండ కనబడేదాకా మొక్కని కొయ్యాలి. నీ ఇష్టం తల్లీ."

"కొయ్యకే! చెయ్యి పోతుందే! నీ కాళ్లు పట్టుకుంటా!"

"ఏ చేత్తో?" అంది ఆమె.

బట్టలు కత్తిరించే కత్తెర పొయ్యి మీద కాల్చింది. మొదటి కోతకి కలబంద లోపల గోధుమరంగు. అతను అరిచాడు. రెండో కోతకి చిన్న మచ్చ. అతని గొంతు పోయింది. మూడో కోతకి అతని చెయ్యి మోచేతిదాకా రాలిపోయింది. మొక్కలో తెల్లటి కండ. ఇంకో జానెడు కొయ్యడానికి అడ్డేమీ లేదు. కత్తెర తుడిచి పక్కన పెట్టింది.

ఆ సాయంత్రం పిల్లమొక్కలకి తన చేత్తో మొదటి నీళ్లు పోసింది.

ఇప్పుడు పొద్దున్నే కుండీలు నీడలోకి జరిపేది అతనే, ఎడమచేత్తో. కింద గదిలో కత్తెర కిర్రుమన్నప్పుడల్లా పని ఆపి, మళ్లీ నాటిన కలబందకి ఒళ్లు అడ్డం పెడతాడు.