ఒక్క రింగు

మహీధర్‌కి ఎడారి పిచ్చి పట్టిందంటే అది ఐర్లండ్ వాన చేసిన నిర్వాకమే. అక్కడి లూకన్ ఊళ్ళో కాపురం పెట్టిన నాటి నుంచి పెరట్లో ఆరేసిన బట్టలు సరిగ్గా ఎండిన పాపాన పోలేదు. ఆఫీసువాళ్ళు కాలిఫోర్నియాలో మీటింగుకు పంపితే, అది ముగిశాక సెలవు పెట్టి, అద్దెకారు తీసుకుని, ఎడారి గుండా పోయే రూట్ 66 మీద ఒక్కడే బయల్దేరాడు. పక్కనే కొత్త హైవే ఉన్నా, జనం మానేసిన ఆ పాత రోడ్డే కావాలట మహానుభావుడికి!

"ఇక్కణ్ణుంచి సిగ్నల్ ఉండదంట కిరణ్. అవతల ఊళ్ళో హోటల్ చేరంగానే మిస్డ్ కాల్ ఇస్తాలే," అన్నాడు పెట్రోల్ బంకు దగ్గర్నుంచి భార్యకు ఫోన్ చేసి.

"నీళ్ళు పెట్టుకున్నావా?"

"బాటిలుంది. అయామ్ గ్రాండ్!"

కిరణ్మయికి ఒళ్ళు మండింది. ఈ దేశంలో జ్వరంతో మూలుగుతున్నవాణ్ణి అడిగినా, భేషుగ్గా ఉన్నానని, గ్రాండ్ అనే అంటాడు. ఆ జబ్బు మొగుడికీ అంటుకుంది.

మిస్డ్ కాల్ సంగతి మాత్రం వాళ్ళ సొంతం. గుంటూరులో చదువుకునే రోజుల్లో, ఫోన్లో బాలెన్స్ అయిపోతుందని కిరణ్మయి పెట్టిన నియమం అది. ఒక్క రింగిచ్చి కట్ చేస్తే క్షేమంగా చేరినట్టు. ఎత్తకూడదు. ఆ కరువు తీరిపోయినా అలవాటు పోలేదు. ఇక్కడి డాక్‌ల్యాండ్స్‌లో ఉన్న ఆఫీసు చేరినా అతను ఇప్పటికీ ఒక్క రింగే ఇస్తాడు.

సాయంత్రం, అతనికింకా పగలే, పప్పుకి తాలింపు వేస్తుండగా ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. మహీ! అనుకున్నదానికంటే చాలా ముందే. రోడ్డు ఖాళీగా ఉందని తొక్కేసి ఉంటాడు ఘనుడు అనుకుని నవ్వుకుంది. ప్రాణం కుదుటపడి కూనిరాగం కూడా తీసింది.

"వాజ్ దట్ డాడ్? వై డిడ్ యు నాట్ ఆన్సర్, మామ్?" అంది బల్ల దగ్గర బొమ్మలేసుకుంటున్న కూతురు ఆశ్రిత.

"మిస్డ్ కాల్ అమ్మా అది. చేరాడని."

"బట్ వాట్ ఇఫ్ హి వాజ్ జస్ట్ కాలింగ్ యు?"

కిరణ్మయి చేతిలో గరిటె ఆగిపోయింది. వెంటనే ఫోన్ చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది. హోటల్‌కి చేస్తే, ఆ పేరుతో ఇంకా ఎవరూ రాలేదన్నారు. నెట్‌లో వెతికి ఆ ప్రాంతపు పోలీసులకు చేసింది.

"రోడ్డు మీద ఎక్కడున్నాడు?" అని అడిగారు.

"రూట్ 66," అంది. వందల మైళ్ళ ఆ రోడ్డు మీద అంతకుమించి ఆమెకేం తెలుసు? అవతలి మనిషి హోటల్ పేరు అడిగి రాసుకున్నాడు. బండి పంపిస్తామన్నాడు, పాపం, మర్యాదగానే.

చాలాసేపటికి వాళ్ళే చేశారు. కారు దొరికింది. బానెట్ ఎత్తి ఉంది, సీట్లో ఖాళీ బాటిల్ ఉంది, మనిషి లేడు. సిగ్నల్ కోసమో నీళ్ళ కోసమో నడిచిపోయి ఉంటాడు, వెతుకుతున్నాం, ఫోన్ లైన్ ఖాళీగా ఉంచండి అన్నారు.

అంటే ఇక ఎవరికీ ఫోన్ చేయడానికి కూడా లేదు. సముద్రానికి ఇవతల, పప్పు చల్లారిపోయిన వంటింట్లో, ఆమె చేయగలిగిందల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవడమే. ఏడుద్దామంటే ఆశ్రిత ఆమె ముఖంలోకే చూస్తోంది. కిటికీ మీద సన్నగా వాన మొదలైంది. దాన్ని చూస్తే ఆమెకు అసహ్యం వేసింది.

ఎంత దూరం నడిచి ఆ కాస్త సిగ్నల్ పట్టుకున్నాడో! అది ఒక్క రింగుకే పోయింది. పోయాక మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి ఉంటాడు. ఆ ఒక్క రింగుకి అర్థం ఏమిటో అతనికీ తెలుసు. ఆ ఎండలో నిలబడి, మూగబోయిన ఫోను చేత్తో పట్టుకుని, ఇంటి దగ్గర కిరణ్ హాయిగా నవ్వుకుంటూ ఉంటుందని అతనికి తెలిసిపోయి ఉంటుంది.