నూమా చేతి గంబో

ఏమయ్యోయ్, మెతుకు కింద పడకుండా లాగిస్తున్నావే! వండినావిడ పేరేమిటో చెప్పు చూద్దాం. అదిగో, ముద్ద అడ్డొచ్చింది! సరే, నములుతూనే విను. న్యూ ఆర్లియన్స్‌లో అచ్చం నీలాంటివాళ్ళు ఒక హాలు నిండా ఉన్నారు.

ఆ హాలు క్లెలీ భోజనశాలది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే జైల్లో వేసే రోజుల్లో, మేడమీద గదిలో అందరినీ కలిపి కూర్చోబెట్టి వడ్డించిన చోటది. సమానహక్కుల కోసం పోరాడేవాళ్ళు ఊరేగింపుకి బయల్దేరే ముందు అక్కడే తినేవాళ్ళు. జైలునుంచి వదిలాక తిన్నగా అక్కడికే వచ్చేవాళ్ళు. గోడలనిండా వాళ్ళ ఫొటోలే. ఓడలీ కూడా ఉంది ఒకదాంట్లో. గిన్నె అందిస్తున్న చెయ్యి, మోచేతి దాకా.

ఓడలీ ఆ ఇంటి కోడలు. అత్తగారు క్లెలీ పోయిననాటినుంచీ పొయ్యి దగ్గర ఉండేది ఓడలీ, పేరు మాత్రం మొగుడు నూమాది. గుడ్‌ఫ్రైడే ముందటి గురువారం ఊళ్ళోని క్రియోల్ కుటుంబాలన్నీ, అంటే ఫ్రెంచి, ఆఫ్రికా రక్తాలు కలిసిన పాతకాపులు, ఆకుకూరల గంబో అనే చిక్కటి పులుసు కోసం వాళ్ళ గుమ్మం ముందు బారులు తీరతాయి. ఆకుల రకాలు బేసిసంఖ్యలో పడాలి. ఎన్ని రకాలు పడితే ఆ ఏడు అంతమంది కొత్త స్నేహితులని నమ్మకం.

ఓ ఏడు ఆ ముందురోజు, బుధవారం, టీవీవాళ్ళు వచ్చి, "మీ ఆవిడ కూడా వండుతారా?" అని నూమాని అడిగారు.

"ఆవిడా? ఆకులు కడుగుతుందండీ! అందులో పడేది మా అమ్మ చెయ్యీ, నా చెయ్యీ."

అందరూ నవ్వారు. తొట్టి దగ్గర ఓడలీ ఆవాకు కట్ట విప్పుతూ ఉండిపోయింది. కోపం రాలేదు. రాకపోవడమే వింతగా ఉంది. హాల్లో కూర్చున్నవాళ్ళకి ఆకలేస్తుందే గాని వంటింట్లోవాళ్ళకి వెయ్యదు అనేది అత్తగారు. పెళ్ళయిన కొత్తలో అది హాస్యమనుకుంది, తరవాత తెలిసింది, అది ఆ ఇంటి పద్ధతని. ఏటా గంబో గిన్నెలు బయటికి వెళ్ళగానే ఓడలీ తలుపు సందున నిలబడేది. బిషప్పుగారు మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. "నూమా, నీ చెయ్యి బంగారమయ్యా!" అనేవారు. పాపం ఆయనకేం తెలుసు, అనుకునేది. ఎవరో ఒకరి నాలుక ఎప్పటికో పట్టుకుంటుందిలే అని మళ్ళీ గిన్నెలు తోముకునేది.

గురువారం పొద్దున ఓడలీ ఆకులన్నీ కడిగి, ఏప్రన్ విప్పింది. చర్చికి వేసుకునే తెల్లగౌను తొడుక్కుని, టోపీ పెట్టుకుని, హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

నూమా పరిగెత్తుకొచ్చాడు. "ఏంటిది, నాటకమా? పిండి ఎవరు వేయిస్తారు?"

"ఆకులు కడిగేశాను. నా పని అయిపోయింది."

"ఓడలీ, జనం చూస్తున్నారు!"

"అవును. నీ వంట కోసం."

పళ్ళు కొరుక్కుంటూ లోపలికి పోయాడు. కొవ్వులో పిండి ఎర్రబడేదాకా చెయ్యి తియ్యకుండా కలపాలి. గంబోకి ప్రాణం అదే. నూమా మంట పెద్దది చేసి, పిండి పోసి, బయట ఎవరో తెలిసినవాళ్ళ గొంతు వినబడగానే, "రండి రండి!" అంటూ హాల్లోకి వచ్చేశాడు. జోకు మీద జోకు పేల్చాడు. బల్ల బల్లకీ వెళ్ళి భుజాలు తట్టాడు.

కాసేపటికి మాడు వాసన వచ్చింది.

హాల్లో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. నూమా వైపు కాదు, ఓడలీ వైపు.

పక్క బల్ల దగ్గర ముసలావిడ మిస్ ఉర్సీన్ మెల్లగా కసిరింది. "లేవే అమ్మడూ, మాడిపోతోంది! పోయి చూసుకో."

"అది నూమా వంట కదా మిస్ ఉర్సీన్!"

"చాల్లే! వాడికి గుడ్డు ఉడకెయ్యడం వచ్చా? ఆ చెయ్యి నీదని ఎవరికి తెలీదూ?"

ఓడలీ బిషప్పుగారి వైపు చూసింది. ఆయన చూపు తప్పించి రుమాలు సర్దుకుంటున్నారు.

"ఎప్పట్నించి తెలుసు?" అని ఉర్సీన్‌ని అడిగింది.

"మొదటి ఏడాదే తెలిసిపోయింది. మీ అత్తది ఇంత చిక్కగా ఉండేది కాదు."

"మరి ఒక్కరైనా అన్లేదేం?"

"అంటే వాడు చిన్నబుచ్చుకోడూ? ఎవరు వండితేనేం, గంబో వస్తోంది గదా!" అని ఉర్సీన్ ముద్దుగా ఆమె చెయ్యి తట్టింది. చుట్టుపక్కలవాళ్ళు కూడా ముద్దుగానే నవ్వారు.

ఓడలీ లేచింది. హాలంతా హమ్మయ్య అనుకుంది. వంటింటికి దారి ఇవ్వడానికి ఉర్సీన్ కుర్చీ జరుపుకుంది. ఓడలీ సంచి భుజాన వేసుకుని వీధి తలుపు తీసుకుని బయటికి నడిచింది.

నూమా ఊరిని బోల్తా కొట్టించాననుకున్నాడు. ఊరేమో నమ్మినట్టు నటించి నూమానే బోల్తా కొట్టించింది. ఆ లెక్క వాళ్ళకీ వాళ్ళకీ సరిపోయింది. ఆ హాల్లో నిజంగా మోసపోయింది ఓడలీ ఒక్కతే. తెలియదు పాపం అనుకుని, ఇన్నేళ్ళూ వాళ్ళందరినీ క్షమిస్తూ వచ్చింది.