గడప దాటిన రాయి

మధుసూదనరావు రాళ్ల పిచ్చి తిరువూరు బజారంతటికీ తెలుసు. తాతల నాటి నుంచి బియ్యం, పప్పులు అమ్ముకుంటున్న షావుకార్ల ఇల్లు వాళ్లది. అలాంటి ఇంట్లో పుట్టి, వాల్తేరు వెళ్లి భూగర్భశాస్త్రం చదివొచ్చి, చివరికి హైస్కూల్లో సైన్సు మాస్టారుగా కుదురుకున్న మనిషిని లోకం ఊరికే వదులుతుందా? పరాయివాళ్ల దాకా ఎందుకు, సొంత అన్న భాస్కరరావే కొట్లో అందరి ముందూ అనేవాడు: "మావాడూ తూకం వేస్తాడండీ, రాళ్లు! కొనేవాడే దొరకడం లేదు."

తల్లి గోవిందమ్మ నవ్వేది కాదు. అతని గది ఊడ్చినప్పుడల్లా ఆ రాళ్లకేసి చూసి నిట్టూర్చేది. అన్న నవ్వు కంటే ఆ నిట్టూర్పే అతనికి ఎక్కువ కష్టంగా ఉండేది.

డెబ్బై మూడు ఎండాకాలంలో వినగడపలో హనుమయ్య అనే రైతు బావి తవ్విస్తున్నాడు. మందు పెట్టి పేల్చిన చోట, నల్లరాతి పగులులో గులాబీ రంగు పలుకులు బయటపడ్డాయని కబురొచ్చింది. మధుసూదనరావు సైకిలెక్కి పోయి బావిలోకి దిగాడు. పటికబెల్లంలా మెరుస్తున్నాయి. పలుకులు పొరలా అంటుకుని ఉన్న ఒక రాయిని జాగ్రత్తగా ఊడదీసి తెచ్చుకున్నాడు. చిన్న పలుకు నాలుక మీద పెట్టుకుంటే చేదు, వెనకే వగరు. ఇంకో పలుకు చెంచాడు నీళ్లలో వేస్తే కరిగి మాయమైంది. ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాడు. ఇది ఎందులోనూ లేదు.

రాయిని సున్నం వేసిన డబ్బాలో, చెమ్మ తగలకుండా దాచాడు. ఎందుకలా దాచాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అసలు అడిగిందెవరు?

హైదరాబాదులో ఒక పరిశోధనశాలకు చిటికెడు పలుకులు పంపితే, వానలు వెనకబట్టాక జవాబొచ్చింది. పంపినవి పరీక్షలకే ఖర్చయిపోయాయట. ఇంతవరకు తెలిసిన ఏ ఖనిజంతోనూ ఇది కలవడం లేదట. పలుకులున్న రాయిని ఉన్నదున్నట్టు పట్టుకురమ్మన్నారు. దాన్ని కొలిచి, వర్ణన రాసి, కొత్త ఖనిజమని ప్రపంచానికి చెబుతారు. ఆ రాయిని మ్యూజియంలో శాశ్వతంగా ఉంచుతారు. చూపించడానికి రాయి లేకపోతే పేరూ లేదు.

పేరు అతను ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నాడు. తిరువూరైటు.

"మన ఊరి పేరేనా?" అంది గోవిందమ్మ.

"అవునమ్మా. లోకంలో ఇంతవరకు ఎవరూ చూడంది ఇది."

ఆమె నిట్టూర్చకపోవడం అదే మొదటిసారి. భాస్కరరావు, "అంత గొప్పదాన్ని గోనెసంచిలో పట్టుకుపోతావా? వడ్రంగి అంకారావు చేత టేకు పెట్టె చేయిస్తా," అన్నాడు. మధుసూదనరావుకు ఆ మాటతో కడుపు నిండిపోయింది.

ఇంకో ముక్క చేతిలో ఉంటే మంచిదని వినగడప వెళ్లాడు. హనుమయ్య ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. "మాస్టారూ, జల పడిందండీ! మీరు దిగిన వేళ మంచిది!" బావి నిండా నీళ్లు. పగులు ఎక్కడో అడుగున ఉంది, పలుకులు ఎప్పుడో కరిగిపోయి ఉంటాయి. మంచిదేనయ్యా అని ఆ రైతు భుజం తట్టాడు. తిరిగొచ్చి, డబ్బా మూత బిగించుకున్నాడు. ఇక లోకం మొత్తానికి అదొక్కటే.

హైదరాబాదు ప్రయాణం నాటి పొద్దున అంకారావు దగ్గర్నుంచి పెట్టె తీసుకుని ఇంటికొచ్చేసరికి, గోవిందమ్మ తలంటుకుని దేవుడి గది గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"రా నాయనా, తీర్థం పుచ్చుకో."

అరచెయ్యి పట్టి నోట్లో పోసుకున్నాడు. చేదు. వెనకే వగరు.

"అమ్మా, ఇదేం తీర్థం?"

"నీ రాయిదేరా. మొదటి సరుకు గడప దాటేముందు కడిగి బొట్టు పెట్టి పంపడం మీ తాతగారి నాటి ఆనవాయితీ కాదూ? మీ నాన్నే ఉంటే ఆయనే చేసేవారు. ఎంత చిలుం పట్టిందిరా దానికి! వేణ్ణీళ్లు పోసి పీచుతో రుద్దితే గానీ అసలు రాయి బయటపడలేదు. చూడు, ఎలా నిగనిగలాడుతోందో!"

పీట మీద నల్లరాయి. పసుపు, కుంకుమ, పైన ఒక కనకాంబరం. గులాబీ రంగు నలుసంత లేదు. అలాంటి రాయి విస్సన్నపేట రోడ్డు పక్కన కంకర కుప్పల్లో కావలసినంత దొరుకుతుంది. మోకాళ్ల మీద కూలబడి, పగుళ్లన్నీ గోటితో వెతికాడు. కడిగిన నీళ్లు కాలవలో కలిసిపోయాయి. పంచపాత్రలో మిగిలిన గుక్కెడు మరిగిస్తే అడుగున ఏదో పొడి మిగలొచ్చు. మనిషి పొయ్యి మీద చేసింది ఉప్పవుతుంది గానీ, భూమి కన్న ఖనిజం కాదు. ఆ సంగతి పిల్లలకు పాఠం చెప్పింది తనే.

"ఏరా, అలా అయిపోయావేం? నేనేమైనా తప్పు చేశానా?"

ఆమె గొంతులో భయం. నీళ్లు తగలనీయకమ్మా అని ఒక్కమాట చెప్పి ఉంటే! వాల్తేరు ప్రొఫెసర్లకు రాశాడు, హైదరాబాదుకు రాశాడు, పక్క గదిలో ఉన్న తల్లికి చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆమె బతికినన్నాళ్లూ ఏడుస్తుంది.

"లేదమ్మా," అన్నాడు. "బాగుంది."

భాస్కరరావు ఆ రాయిని రెండు చేతులా ఎత్తి, గడ్డి పరిచిన పెట్టెలో పెట్టాడు. "మా తమ్ముడు కనిపెట్టిందండీ!" అని బజారు పొడవునా చెప్పుకుంటూ బస్టాండు దాకా తనే మోసుకొచ్చాడు. గోవిందమ్మ గడపలోనే నిలబడి, కొంగుతో కళ్లొత్తుకుంది.

బెజవాడ బస్సు ఊరు దాటాక కండక్టరు వచ్చాడు. "పెట్టెలో ఏంటండీ?"

"రాయి."

"ఏం రాయండీ?"

ఆ మాటకు జవాబు చెప్పడానికే అతను ఇన్నాళ్లూ బతికాడు. నోట్లో చేదు ఇంకా పోలేదు.

"మామూలు రాయే," అన్నాడు మధుసూదనరావు. పెట్టె మీద తల ఆనించి, బస్సు నిండా జనం చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.