ఖాళీ చెయ్యని కుర్చీ

"పీకడమైతే ఇప్పుడే పీకేస్తా. పుచ్చు నింపడానికి మందు లేదు," అన్నాడు పళ్ళ డాక్టరు, ఆమె నోట్లోంచి చిన్న అద్దం తీస్తూ.

బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుట్టే మనిషి ఆమె. అక్కడ లైనుకి ఒకటే కత్తెర. మిగిలిన వాళ్ళంతా దారం పళ్ళతో కొరకాల్సిందే. పదేళ్ళు కొరికితే ముందు పన్ను అరగదా, పుచ్చదా? అది కాస్తా పోతే చెయ్యి నెమ్మదిస్తుంది. చెయ్యి నెమ్మదిస్తే సూపర్‌వైజరు ఆ మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తాడు. సెలవు కోసం కాళ్ళావేళ్ళా పడి, మూడుసార్లు ఉత్త చేతులతో తిరిగెళ్ళి, నాలుగోసారికి టోకెన్ సంపాదించి సర్కారు ఆసుపత్రిలోని ఈ ఒక్క కుర్చీ దాకా వచ్చింది. పేదవాడికి పళ్ళుండటమే దండగనుకునే సర్కారు మరి.

"మందు ఎప్పుడొస్తుంది బాబూ?"

"మూడేళ్ళ నుంచి పైకి రాస్తూనే ఉన్నానమ్మా. బయట చేయించుకో."

"బయట చేయించుకునేదాన్నయితే ఇక్కడికెందుకొస్తాను?"

ఆమెకి కోపం రాలేదు. కోపానికైనా ఓపిక ఉండాలి కదా. లేద్దామంటే కాళ్ళు రాలేదు, అంతే. "మందొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా," అంది.

మాట బయట బెంచీల దాకా పాకింది. ఆమె లైనులోనే కుట్టే బోసక్క తలుపు తోసుకొచ్చింది. ఇదే కుర్చీలో ఒక్కొక్కటే పద్నాలుగు పళ్ళు పీకించుకున్న మనిషి.

"ఒక్కదానివే ఎంతసేపు కూర్చుంటావే? షిఫ్టులేసుకుందాం. మనకేమన్నా కొత్తా?"

ఇంతలో గోదాము హమాలీ ఒకడు దవడ పట్టుకుని లోపలికొచ్చిపడ్డాడు. "మీ గోల తగలెయ్య! నాది పీకించుకుంటే గానీ ప్రాణం నిలిచేలా లేదు. మీ పన్ను కోసం నన్ను చావమంటారా?"

అతనన్నదాంట్లో తప్పేముంది? మిషన్ మనిషే లేచి చోటిచ్చింది. "పీకించుకునే వాళ్ళకి అడ్డు రాం. వాళ్ళు దిగ్గానే మేమెక్కుతాం."

అలా మూడు రోజులు, గది తెరిచింది మొదలు మూసేదాకా ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వంతులవారీగా కూర్చున్నారు. హమాలీ కూడా మూటల పని అవగానే వచ్చి గోడవార నిలబడేవాడు. సిగ్గుపడ్డాడో ఏమో, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆసుపత్రి సూపరింటెండెంటు బతిమాలాడు, బెదిరించాడు, పైకి రాశానన్నాడు.

"మీ రాతలు మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాం," అంది బోసక్క.

మూడో రోజుకి మిషన్ మనిషి మొహం వాచిపోయింది. డాక్టరు చూసి తల దించుకున్నాడు. "చీము పట్టిందమ్మా. ఇక మందొచ్చినా ఇది నిలవదు."

ఆమె నోరు తెరిచింది. పీకేశారు. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది, నొప్పికి కాదు.

కన్నీళ్ళు ఆరకముందే సూపరింటెండెంటు వెంట పోలీసులు దిగారు. "నీ పని అయిపోయిందిగా, ఇంకా దేనికి? లే!" అన్నాడు ఎస్సై.

నోట్లో దూది. మాట ముద్దగా వచ్చింది. వంతు కోసం నిలబడ్డ పక్క మిషన్ ఆవిడ కేసి చెయ్యి చూపించి, "దాని పన్ను ఇంకా ఉంది," అంది.

ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆమెని రెక్క పట్టుకుని లేపారు. పెనుగులాడే శక్తి లేక వాళ్ళతో నడిచింది. ఆమె ఇంకా గుమ్మం దాటకముందే హమాలీ వచ్చి ఆ కుర్చీలో చతికిలబడ్డాడు.

"నీది మొన్నే పీకారు కదరా!" అని అరిచాడు సూపరింటెండెంటు.

"ఇంకా ముప్ఫై ఒకటున్నాయి సార్," అన్నాడు హమాలీ.