మూడో బకెట్

పొద్దున్నుంచీ షిఫ్రా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. సాయంత్రం ఏడింటికి టౌన్‌హాల్లో సభ. ఇజ్రాయెల్ చేస్తున్న యుద్ధం ఆపాలన్న తీర్మానం మీద మాట్లాడేవాళ్లకి తలా మూడు నిమిషాలు. ఆమె రాసుకున్న కాగితం కోటు జేబులో నలిగి పీలికలయ్యేలా ఉంది. అది చాలదన్నట్టు అయిదింటికి శవస్నానం పని పడింది. పోయింది మరెవరో కాదు, తొంభై ఒక్కేళ్ల హెన్నీ. బోస్టన్ పక్కనున్న మా ఊళ్లో, పోయిన ఆడవాళ్లకి స్నానం చేయించే బృందాన్ని ముప్ఫై ఏళ్లు నడిపిన మనిషి. షిఫ్రాకీ గోల్డీకీ ఆ పని నేర్పింది ఆవిడే.

గోల్డీ! ఆ పేరు తలుచుకుంటేనే షిఫ్రాకి ఒళ్లు మండుతోంది. ఇరవై రెండేళ్ల స్నేహం మరి. మా యూదుల ప్రార్థనామందిరం, సినగాగ్ ముందు ‘మేం ఇజ్రాయెల్ వెంటే’ అని బోర్డు పెట్టించింది గోల్డీ. తీసెయ్యమని నలభై మందిచేత సంతకాలు పెట్టించింది షిఫ్రా. అప్పట్నుంచి నాలుగు నెలలుగా మాటల్లేవు. అక్కడితో ఆగిందా? ఆ కాగితం మీద సంతకం పెట్టిన చేతులు మన శవాల్ని ముట్టుకోకూడదని గోల్డీ సినగాగ్ కమిటీకి ఉత్తరం రాసిందట. రేపు ఇస్తుందట. ఇచ్చిందంటే బృందంలోంచి షిఫ్రా పేరు కొట్టేస్తారు. పండక్కి ఎవరూ పిలవకపోయినా ఆమె ఉండగలదు గానీ, ఈ పని లేకుండా ఉండలేదు. కన్నతల్లికి ఆఖరి స్నానం చేయించిన చేతులవి.

షిఫ్రా శవస్నానం గది దగ్గరికి వెళ్లేసరికి గోల్డీ అప్పటికే ఏప్రన్ కట్టుకుని నిలబడింది. ఇప్పుడు బృందాన్ని చూసుకునే బ్రాఖా ఇద్దరి మొహాలూ చూసి నిట్టూర్చింది.

"నాలుగో ఆవిడకి జ్వరం. ఉన్నది మనం ముగ్గురమే. కొట్టుకోవాలంటే ఇప్పుడే బయటికెళ్లి కొట్టుకు రండి. లోపల హెన్నీ ఉంది."

"నేనేమన్నానూ?" అంది గోల్డీ.

"నోటితో ఏమీ అనలేదులే తల్లీ. నీ మొహమే అరుస్తోంది."

గోల్డీ కోటు తలుపవతల కొక్కేనికి వేలాడుతోంది. దాని జేబులో ఫోను. కొడుకు నదావ్ ఇజ్రాయెల్ సైన్యంలో ఉన్నాడు. మూడు రోజులుగా వాడి కబురు లేదు. గోల్డీ ఎవరికీ చెప్పలేదు, అయినా ఊరందరికీ తెలుసు.

లోపల అవసరానికి మించి మాట్లాడకూడదు. హెన్నీ ఒళ్లు తుడిచారు, గోళ్లు శుభ్రం చేశారు, జుట్టు దువ్వారు. ఇక మిగిలింది మూడు బకెట్ల నీళ్లు. ఒకరి బకెట్ అయిపోకముందే రెండోవాళ్లు మొదలెట్టి, తల నుంచి పాదాల దాకా ఒకే ధారగా పొయ్యాలి. మధ్యలో తెగిందా, మళ్లీ మొదటికే.

బ్రాఖా పోసింది. షిఫ్రా అందుకుంది. ఆమె నీళ్లు అడుగంటుతుండగా బయట ఫోను గుర్రుమంది. గోల్డీ కళ్లు తలుపు మీదికి పోయాయి. ఎత్తిన మూడో బకెట్ గాలిలోనే ఉండిపోయింది. ధార తెగింది.

‘నా చేతులు పనికిరావన్నావుగా! ఎవరివి పనికిరాలేదో చూశావా?’ అనుకుంది షిఫ్రా. ఎంత సంబరమనిపించిందో! అంతలోనే గోల్డీ మొహం చూసింది. నెత్తురుచుక్క లేదు. తన సంబరానికి షిఫ్రాకి తనమీదే అసహ్యం వేసింది.

"మళ్లీ," అంది బ్రాఖా.

బకెట్లు నింపారు. ఈసారి షిఫ్రా నీళ్లవైపు కాదు, గోల్డీ వైపే చూస్తూ పోసింది. ఫోను మళ్లీ గుర్రుమంది. గోల్డీ బకెట్ ఇంకా పైకి లేవలేదు. షిఫ్రా బకెట్‌ని ఇంకాస్త నిలబెట్టి ధారని సన్నం చేసింది. భుజం పీకేస్తోంది. ‘రావే, త్వరగా రా’ అని లోపలే గొణుక్కుంటూ ఉన్న కాసిని నీళ్లనీ సాగదీసింది. ఆఖరి గుక్కెడు ఉండగా గోల్డీ నీళ్లు వచ్చి కలిశాయి.

"పవిత్రురాలు," అన్నారు ముగ్గురూ.

తెల్లబట్టలు తొడిగి, పొరపాటేదైనా జరిగితే మన్నించమని హెన్నీని పేరుపెట్టి అడిగి బయటికి వచ్చారు. గోల్డీ ఫోను చూసుకుని అక్కడే మెట్టుమీద కూలబడింది.

"నదావేనా?" అంది షిఫ్రా. నాలుగు నెలల్లో అదే మొదటి మాట.

"ఆ. బానే ఉన్నాడట. నిద్రొస్తోందట వెధవకి." గోల్డీ ముక్కు చీదుకుంది. "నువ్వు చేసింది చూశాను. అయినా ఉత్తరం ఇచ్చితీరతాను. నా మాట నేను మార్చుకోను."

"నిన్ను మార్చుకోమని ఎవరడిగారే?"

"నేను పోయి నా వంతు వచ్చినప్పుడు మాత్రం నువ్వే పొయ్యాలి. ఇంకెవరైనా అయితే తొందరపడి కుమ్మరించేస్తారు."

"నా పేరు కొట్టేయించాక ఎలా పోస్తానే, మొద్దూ?"

గోల్డీ మెట్టుమీంచి లేచి కారు తాళాలు తీసింది.

"ఆరూముప్పావు అయింది. నీ బస్సు ఇంకెప్పుడొస్తుంది? కారెక్కు. అక్కడ నీ పక్కన మాత్రం కూర్చోను. నీ తీర్మానాన్ని చీల్చి చెండాడతాను."

"చెండాడుకో. నాకూ మూడు నిమిషాలున్నాయి."

ఎప్పటి అలవాటో, గోల్డీ స్టీరింగు పట్టుకుంటూ తన హ్యాండ్‌బ్యాగు షిఫ్రా ఒళ్లో పడేసింది. దాని జిప్పు సగం తెరిచే ఉంది. లోపల కమిటీ పేరు రాసిన కవరు కనిపిస్తోంది. షిఫ్రా జిప్పు మూసి, టౌన్‌హాలు వచ్చేదాకా బ్యాగుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.